దొంగల మేడమ్

హేమావతి ధర్మవరం బస్టాండులో దిగిందంటే, పూలమ్మే ఆమె దగ్గర నుంచి కండక్టర్ దాకా ఎవరో ఒకరు పలకరించక మానరు. "ఏం మేడమ్, ఈ వారం ఏ దొంగలు?" అని అడుగుతారు, ఈ వారం ఏ సినిమా అన్నట్టుగా. అనంతపురం నుంచి వచ్చే బస్సులో ఒక కండక్టర్ మరీ చనువుగా ఉంటాడు.

"మేడమ్, జేబులు కొట్టేటోళ్ళు ముఠా లెక్కలోకి వస్తారా, చిల్లర దొంగల లెక్కలోకి వస్తారా?"

"టిక్కెట్టు ఎనక రాసిచ్చి చిల్లర ఎగ్గొడతాండావే, అది ఏ లెక్కలోకి వస్తాదో ముందు నువ్వు చెప్పప్పా."

బస్సంతా నవ్వింది. కండక్టర్ కూడా నవ్వాడు, చిల్లర మాత్రం ఆ తర్వాతే ఇచ్చాడు.

ఊరు ఆమెకు పెట్టిన పేరు దొంగల మేడమ్. మొదట్లో ఆ పేరు ఆమె ముందు అనడానికి జంకేవాళ్ళు. ఆమే ఒకసారి ఫోన్‌లో "ఎవరండీ?" అని అడిగినవాడికి "దొంగల మేడమ్‌ని" అని జవాబు చెప్పాక ఆ జంకు కూడా పోయింది. అనంతపురంలోని ఒక కాలేజీలో నేరశాస్త్రం పాఠాలు చెబుతుంది. వయసు యాభై దాటింది. శనివారం ఉదయం ధర్మవరంలోని చిన్న కేబుల్ ఛానెల్‌లో 'మన భద్రత' అనే కార్యక్రమంలో కూర్చుంటుంది. అది టీవీలతో పాటు ఫోన్లలోనూ ప్రత్యక్షంగా వస్తుంది. మగ్గం గుంతలో కూర్చుని నేసేవాళ్ళు పక్కన ఫోన్ ఆనించి పెట్టుకుని వింటారు. గొర్రెలు కాసేవాళ్ళు బండమీద కూర్చుని వింటారు.

ఆమె పుట్టింది మడకశిర పక్క ఒక పల్లెలో. తండ్రి కొండప్పకు గొర్రెల మంద. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. డిగ్రీ అయ్యాక నేరశాస్త్రం చదవడానికి చెన్నైకి పోతానంటే ఆయన కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు.

"దొంగతనం గురించి చదివేదానికి అంత దూరం పోవల్లనా? మన పక్క లేరా దొంగలు?"

"ఉండారు నాయనా. వాళ్ళెందుకు దొరకరో చదివేకి పోతాండా."

"దొరికితే నాకు చెప్పు," అన్నాడు కొండప్ప. ఆ సంవత్సరమే ఆయన మందలోంచి రెండు పొట్టేళ్ళు పోయాయి.

చదువయ్యాక ఆమె పెద్ద ఊళ్ళలో ఉండిపోలేదు. వ్యవస్థీకృత నేరాల మీద ఎక్కడెక్కడో సభల్లో మాట్లాడేది. పత్రికలవాళ్ళు ఫోన్ చేసి అభిప్రాయం అడిగేవాళ్ళు. అయితే ఆ సభల్లో విన్నవాళ్ళు ఎవరూ మోసపోయేవాళ్ళు కాదనీ, మోసపోయేవాళ్ళు ఆ సభలకు రారనీ ఆమెకు తోచింది. ధర్మవరం పట్టుచీరల నేతగాళ్ళకు ఎవరో బ్యాంకు పేరు చెప్పి ఫోన్లు చేసి మోసం చేస్తున్న రోజుల్లో ఆ చిన్న ఛానెల్ పిలిచింది. వెళ్ళింది. అప్పటి నుంచి వెళ్తూనే ఉంది.

ఆమె మాటల్లో భయపెట్టడం ఉండదు. ఛానెల్‌లో ప్రశ్నలడిగే కుర్రాడు ఆనంద్‌కు అదే లోటు. ముఠా అనగానే తెరమీద ఎర్ర అక్షరాలు, వెనక ఢంఢం మోత వేయించాలని అతని ఆశ.

"ముఠా అంటే మీసాలూ కత్తులూ కాదు ఆనంద్. మనలాంటోళ్ళే ఉంటారు. పొద్దున లేసి పండ్లు తోముకుంటారు," అంటుంది ఆమె. ఆ మోత తీయిస్తుంది.

బత్తలపల్లె చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలు పోవడం మొదలైనప్పుడు ఆనంద్ ఆమెను ప్రత్యక్ష ప్రసారంలోనే అడిగాడు.

"ఈ పని ఏ కులమోళ్ళు చేస్తాండారని జనం అనుకుంటాండారు మేడమ్?"

"జనం అనుకునేది జనాన్ని అడుగు. నన్ను అడిగితే నాకు తెలిసింది చెప్తా."

ఆమెకు తెలిసింది ఆ రోజు విడమరిచి చెప్పింది. ఒక్కడు ఒక్క గొర్రెను ఎత్తుకుపోతే అది ఆకలి దొంగతనం. ఒకే దెబ్బకు దొడ్డి ఖాళీ అయిందంటే దాని వెనక ఏర్పాటు ఉంటుంది. పొయ్యికి మూడు రాళ్ళు ఉన్నట్టు ఆ ఏర్పాటుకూ మూడు ఉంటాయి. తోలుకుపోయే బండి ఒకటి. అడక్కుండా కొనే మనిషి రెండోది. దొడ్డి దగ్గర ఎవరూ లేని వేళ ఎప్పుడో చెప్పే నోరు మూడోది. ఏ ఒక్క రాయి తీసేసినా కుండ నిలవదు. కొత్త బండి కనిపిస్తే నంబరు రాసి పెట్టుకోండి, పోలీసులకు చెప్పండి అని ముగించింది.

ఆ మాటలు పల్లెల్లో బాగా పాకాయి. టీ అంగళ్ళ దగ్గర మూడు రాళ్ళ సంగతి మాట్లాడుకున్నారు. ఒక సర్పంచ్ తమ ఊరి వాట్సాప్ గుంపులో ఆ ముక్క కత్తిరించి పెట్టాడు.

మరుసటి శనివారం కార్యక్రమం సగంలో ఉండగా ఒక ఫోన్ వచ్చింది. గొంతు వెనక చాలామంది మాటలు, గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"మేడమ్, నేను ఓబన్న. బత్తలపల్లె పక్క. మొన్న మా దొడ్లో ఎనిమిది జీవాలు పోయినాయి. మీరు చెప్పినట్టే మూడు రాళ్ళూ దొరికినాయి మేడమ్."

ఆనంద్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఎవరు దొరికినారన్నా?" హేమావతి అడిగింది.

"టెంపో ఒగటి. దాన్నిండా గొర్రెలు. తోలుకొచ్చినోడు నారాయణప్పంట, మడకశిర పక్కనుంచి. గొర్రెల యాపారమంట. యాడ కొన్నావురా అంటే నోరు ఇప్పడు. మూడో రాయి మా ఊరోడే. నా దగ్గరే జీతముండే కుళ్ళాయప్ప. టైరు పంచరైందని వాడు ఆగితే, వీడు పోయి గొర్రెలకి నీళ్ళు పోసినాడు. ఇద్దురూ కన్నడంలో మాట్లాడుకుంటాంటే మావోళ్ళు చూసినారు. టెంపోలో గొర్రెలకి నా చెవి కోత ఉండాది మేడమ్, నా మంద గుర్తు. ఇంకేం కావల్ల?"

"ఇప్పుడు వాళ్ళు యాడుండారు?"

"నీళ్ళ ట్యాంకు స్తంభానికి కట్టేసినాం."

"చెయ్యి చేసుకున్నారా?"

"ఇంకా లేదు. మీతో ఒక మాట మాట్లాడి మొదలుపెడదామని."

వెనక ఎవరో నవ్వారు.

ఎదురుగా ఉన్న చిన్న తెరలో 'గొర్రెల ముఠా పట్టివేత' అనే అక్షరాలు పరుగెడుతున్నాయి. హేమావతి వేలితో చూపించి తీసెయ్యమని సైగ చేసింది. చేతిలో ఉన్న కాగితం మీద 'పోలీసులకు చెప్పు, ఫోన్ మాత్రం తెగనీయొద్దు' అని రాసి ఆనంద్ ముందుకు తోసింది. అతను లేచి బయటికి పరుగెత్తాడు.

చదువు లేనివాళ్ళకు కూడా అర్థం కావాలనే మూడు రాళ్ళని చెప్పింది. అర్థమైంది. ఆ మాటే ఇప్పుడు ఇద్దరిని స్తంభానికి కట్టించింది.

చట్టాన్ని చేతిలోకి తీసుకోకూడదని చెప్పవచ్చు. ఆ మాట అనగానే అవతల ఫోన్ పెట్టేస్తారని ఆమెకు తెలుసు. పోలీసులు వచ్చేదాకా ఓబన్న మాట్లాడుతూ ఉండాలి. అతను ఇష్టంగా మాట్లాడేది ఒక్కటే ఉంది.

"నీ కోత ఎట్లుంటాదన్నా?" అంది.

"కుడి చెవి కొన చీలిక, ఎడమ చెవి ఎనక పక్క గాటు. మా తాత కాలం నుంచీ అదే. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు."

"మా నాయనది రెండు చెవులకూ చీలికే. ఆ టెంపోలో అన్నిటికీ నీ కోతేనా?"

"ఎదురుగా కనపడతాండాది కదా మేడమ్."

"పైనుంచి చూస్తే కాదన్నా. ఎక్కి ఒక్కోదాన్ని పట్టుకుని చూడు. చెవి చూడు, వయసు తెలిసేకి పండ్లు కూడా చూడు. కేసు నిలవల్లంటే అన్నీ సరిగ్గా చెప్పల్ల."

కేసు నిలవాలనే మాట ఓబన్నకు నచ్చింది. ఎక్కినట్టున్నాడు, రేకు చప్పుడైంది. గొర్రెలు అరిచాయి. ధర్మవరంలో, బత్తలపల్లెలో, ఇంకా ఎక్కడెక్కడో ఫోన్లు పట్టుకుని చూసేవాళ్ళకు కాసేపు గొర్రెల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. లోపలికి వచ్చిన ఆనంద్ "పోలీసులు బయల్దేరినారు" అని గుసగుసగా చెప్పి, "మేడమ్, ఇంత ఖాళీ పెడితే జనం ఛానెల్ మార్చేస్తారు" అన్నాడు.

"మార్చనీ. నువ్వు గమ్మునుండు."

"మేడమ్," ఓబన్న గొంతు వచ్చింది. "ఉండాది. ముసలివాటికి ఉండాది. పండ్లు రాలినవి కూడా ఉండాయి."

"మరి చిన్నవాటికి?"

"వాటికి లేదు. వాటికి వేరే కోత. ఎడమ చెవి మొదట్లో గుండ్రంగా బొక్క... "



గొర్రెల కాపరుల ఇళ్ళల్లో కూతురికి పెళ్ళి చేస్తే పుట్టింటివాళ్ళు మందలోంచి కొన్ని గొర్రెలు తోలిస్తారు. అదే అరణం. అవి తండ్రి చెవి కోతతోనే అత్తగారింటికి పోతాయి. అక్కడ వాటికి పుట్టిన పిల్లలకు అత్తగారింటి కోత పడుతుంది. తల్లులకు ఒక గుర్తు, పిల్లలకు ఇంకో గుర్తు. దొంగలు ఒక దొడ్డి నుంచి తోలుకుపోయిన గొర్రెలు ఇట్లా ఉండవు. ఈ సంగతి చిన్నప్పుడు అక్క పెళ్ళిలో హేమావతి చూసింది. ఓబన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుండ్రంగా బొక్క వేసేది తన వియ్యంకుడే. తన కూతురు అశ్వినిని ఇచ్చిన ఇల్లది.

అరణం గొర్రెలు కూతురి పసుపు కుంకుమ లాంటివి. అమ్ముకున్నారంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని ఊరు అనుకుంటుంది. పైగా, పుట్టింట్లో చెప్పకుండా అమ్మితే ఆ తండ్రికి తలెత్తుకునే వీలుండదు. ఆ తండ్రి ఇప్పుడు అందరి ముందూ టెంపోలో నిలబడి ఉన్నాడు. చెవులు పట్టుకుని ఉన్నాడు. ఊరు చూస్తూ ఉంది, జిల్లా వింటూ ఉంది.

హేమావతి చెయ్యి చాపి ఆ ఫోన్ శబ్దం బయటికి పోయే బొత్తాన్ని తానే నొక్కేసింది.

"ఓబన్నతో నేను విడిగా మాట్లాడాల," అని చూసేవాళ్ళతో చెప్పింది. "ఒక మాట మాత్రం ఇప్పుడే చెప్తాండా. అక్కడ కట్టేసి ఉండేవాళ్ళు దొంగలని ఎవరూ అనుకోవద్దు." లేచి, ఫోన్ చేతిలోకి తీసుకుని నడవాలోకి పోయింది.

"అన్నా, జనానికి దూరంగా రా. ఇప్పుడు నువ్వూ నేనే మాట్లాడుకుంటాండేది. ఇంకెవరూ వినరు."

ఈసారి అతను మేడమ్ అనలేదు.

"అక్కా, నా బిడ్డవి."

"తెలిసింది. ఆ టెంపో ఆయప్ప కొన్నాడు. ఎవరి దగ్గరో చెప్పలేదంటే, చెప్పొద్దని పాప అడిగి ఉంటాది."

"ఊరిని పిలిచింది నేను. కట్టేయండ్రా అనింది నేను. ఇప్పుడు ఏమని చెప్పల్ల? నా కూతురు అరణం అమ్ముకుని తినిందని చెప్పల్లనా?"

"ఇద్దురు మనుషులు కట్టేసుండారన్నా. ఎవరో ఒకరు మొదటి దెబ్బ ఏస్తే నువ్వు కూడా ఆపలేవు."

"చెప్పలేనక్కా. నన్ను చంపినా చెప్పలేను."

ఇన్నేళ్ళ చదువులో, ఇన్ని సభల్లో, ఒక తండ్రి పరువుకూ ఇద్దరు మనుషుల ఒంటికీ మధ్య ఏమనాలో ఎవరూ ఆమెకు నేర్పలేదు. అంతలో అవతల ఫోన్ చేతులు మారింది.

"అక్కా, నేను నల్లమ్మ. ఈయప్ప పెండ్లాన్ని." గొంతు గట్టిగా ఉంది. "టెంపో ఎక్కి దిగినప్పుడే ఈయప్ప మొహం చూసినా. నాకు ముందే తెలుసు. బోరు ఎండిపోయిందని, ఇంకోటి ఏయించేకి అమ్ముతాండామని పాప నాకు ఫోన్ చేసి చెప్పింది. మీ నాయనకి చెప్పొద్దమ్మా అనింది. ఆ గొర్రెలు ఇవేనని నాకేం తెలుసు? కట్టేసినప్పుడు నేను ఇంట్లో ఉంటి."

"ఇప్పుడు ఏం చేద్దాం నల్లమ్మా?"

"చేసేదేముండాది. ఫోన్ పెట్టొద్దు. ఇనుకో."

హేమావతి విన్నది. చీర చెంగు గాలికి రాసుకున్న చప్పుడు, అడుగులు, దగ్గరవుతున్న కేకలు. తర్వాత నల్లమ్మ గొంతు, ఫోన్ అవసరమే లేనంత పెద్దగా.

"కట్లు ఇప్పండ్రా. ఆ గొర్రెలు నా కూతురు అమ్మింది. నాకు చెప్పే అమ్మింది. మీకెవరికన్నా నొప్పా?"

"ఏందత్తా నువ్వనేది? మరి మామ—"

"మీ మామకి నేను చెప్పలేదు. నన్ను కట్టేయండి ఇప్పుడు, రండి."

ఒక గొర్రె అరిచింది. ఫోన్ తెగిపోయింది.

ఆనంద్ మోటార్ సైకిల్ వెనక కూర్చుని హేమావతి ఆ ఊరికి చేరేసరికి పోలీసులు వచ్చి ఉన్నారు. జనం పలుచబడ్డారు. అంతకుముందు గొంతు చించుకున్నవాళ్ళు ఇప్పుడు ఇళ్ళ అరుగుల మీద కూర్చుని ఏమీ ఎరగనట్టు ఉన్నారు. నారాయణప్ప మణికట్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అతను వాటిని చూసుకోవడం లేదు. టెంపోలో ఎండకు సోలిపోయిన ఒక గొర్రెపిల్లను దించి నీళ్ళు తాగిస్తున్నాడు. హేమావతి కన్నడంలో పలకరిస్తే తలెత్తాడు.

"పేరు చెప్పి ఉంటే నిన్ను విడిచిపెట్టేవాళ్ళు కదన్నా," అంది.

"ఆ పాప చెప్పొద్దనింది. సరే తల్లీ అన్నా," అన్నాడు అతను. ఆ సంగతి అంతటితో అయిపోయినట్టు మళ్ళీ పిల్ల మూతి దగ్గర గిన్నె పెట్టాడు.

నమ్మకం గురించి హేమావతి ఎన్నో పుస్తకాలు చదివింది, ఇంత చిన్న జవాబు ఎందులోనూ లేదు.

కుళ్ళాయప్ప ట్యాంకు నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. అరవై దాటినవాడు. ఓబన్న చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు. తాగలేదు. పోలీసు అధికారి వంగి, నిన్ను కట్టేసినవాళ్ళ మీద కేసు పెడతావా అని అడిగాడు. ఓబన్న తల వంచుకుని నిలబడ్డాడు. పెడతానంటే ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉన్నాడు.

"కేసు నాకెందుకు సార్," అన్నాడు కుళ్ళాయప్ప. తర్వాత హేమావతి వైపు తిరిగాడు. "ఓబన్న నా పేరు మీ టీవీలో చెప్పినాడు. మూడో రాయి అని. ధర్మవరంలో నా మనవరాలు చదువుకుంటాండాది. హాస్టల్లో పిల్లోళ్ళంతా చూసినారంట. ఏడస్తా ఫోన్ చేసింది. టీవీలో పోయిన పేరు టీవీలోనే రావల్ల."

"తప్పకుండా అన్నా," అన్నాడు ఆనంద్. "వచ్చే శనివారం మొదట్లోనే—"

"శనివారం దాకా ఆగి చూసినారా వాళ్ళు?"

ఆనంద్ హేమావతి మొహం చూశాడు. ఇప్పుడు వేరే కార్యక్రమం నడుస్తోంది, నగల అంగడి వాళ్ళది, దాన్ని ఆపితే యజమాని ఒప్పుకోడని చెప్పబోయాడు. ఆమె చెయ్యి చాపింది.

"యజమానికి కలుపు. నేను మాట్లాడతా."

మాట్లాడింది. అరవలేదు. "ఈ మనిషి పేరు మన ఛానెల్లో పోయిందప్పా. ఈ పొద్దే తిరిగి ఇయ్యకపోతే, ఇంక నేను ఏ దొంగల గురించి మాట్లాడినా నవ్వుతారు" అని మాత్రం అంది. ఆనంద్ ఫోన్ నిలబెట్టి పట్టుకున్నాడు. తెరమీద నగల బొమ్మలు పోయి నీళ్ళ ట్యాంకు నీడ వచ్చింది.

హేమావతి కుర్చీ అడగలేదు. కుళ్ళాయప్ప పక్కనే నేల మీద కూర్చుంది.

"ఈయన పేరు కుళ్ళాయప్ప. పొద్దున ఇదే ఛానెల్లో ఈయన్ని దొంగల మనిషని అన్నారు. ఈయన దొంగ కాదు. ఎండకు దప్పికైన గొర్రెలకు నీళ్ళు పోసినాడు, అంతే. ఆ గొర్రెలు న్యాయంగా కొన్నవి, పోలీసులు కూడా కనుక్కున్నారు. అమ్మింది ఎవరో మీకు అక్కరలేదు. నేను చెప్పిన మాటలు పట్టుకునే ఈయన్ని కట్టేసినారు. గుర్తులు చెప్పినా గానీ, గుర్తు కనిపించగానే మనిషిని దొంగ అనుకోవద్దని చెప్పలేదు. పోయిన గొర్రెలు నిజంగానే పోయినాయి, వాటిని ఎత్తుకుపోయినోళ్ళు ఇంకా బయటే ఉండారు. ఈయన్ని కొట్టి ఉంటే వాళ్ళే అందరికంటే సంతోషపడేవాళ్ళు."

ఆనంద్ ఫోన్ దించాడు. కుళ్ళాయప్ప ఆమె మొహం వైపు చూడలేదు. ఓబన్న చేతిలోని ఫోన్ వైపు చూస్తున్నాడు. ఇక్కడ అన్న మాట అక్కడికి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆమె మాట ఆపేశాక, ఆ చిన్న తెరలో ఇంకో హేమావతి నేల మీద కూర్చుని 'ఈయన పేరు కుళ్ళాయప్ప' అంటూ ఉంది. నల్లమ్మ గడప దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకు వచ్చి వింది. అరుగుల మీదివాళ్ళ ఫోన్లలో కూడా అదే పేరు, ఒకదాని వెనక ఒకటి, వినపడుతోంది.

అయిపోయాక కుళ్ళాయప్ప చెంబు ఎత్తి నీళ్ళు తాగాడు.

"ఓబన్నా, అది మా పాపకి పంపొచ్చా?"

"పంపొచ్చు మామా," అన్నాడు ఓబన్న. అప్పటిదాకా అతన్ని కుళ్ళాయీ అనే పిలిచేవాడు. అతనూ కిందికి గొంతుక్కూర్చుని, తెరమీద వేలు పెట్టి, "నంబరు చెప్పు," అన్నాడు.

కుళ్ళాయప్ప కళ్ళు మూసుకుని, మనవరాలి నంబరు ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.